ఆ హార్మోనియం ఎక్కడిది?



మన సినిమాలో పాట రావడం వింత కాదు, రాకపోతేనే వింత. హీరో పొలం గట్టు మీద నిలబడి చెయ్యి చాచాడంటే చాలు, నలభై వయొలిన్లు ఒక్కసారిగా మోగుతాయి. ఆ పొలంలో వయొలిన్లు వాయించేవాళ్లు ఎవరని మనం ఏనాడూ అడగలేదు. అడిగేవాడు అప్పటికే సిగరెట్టు కోసం హాలు బయటికి వెళ్లిపోయి ఉంటాడు. 1954లో ఎస్. బాలచందర్ తమిళంలో 'అంద నాళ్' అనే హత్యకథను ఒక్క పాటా లేకుండా తీశారు. 1960లో బి.ఆర్. చోప్రా హిందీలో 'కానూన్' అనే కోర్టు కథను అలాగే తీశారు. వాటి కథ మరిచిపోయినవాళ్లు కూడా 'అదేనండీ, పాటల్లేని సినిమా' అని గుర్తుపడతారు. మన అలవాటు అంత గట్టిది.

నేను ఇవాళ మాట్లాడబోయేది ఈ రెండు రకాల గురించీ కాదు. పాటల సినిమా కాని సినిమాలో, పాట వస్తుందని మనం అనుకోని చోట, నలుగురు మనుషులు చేరి గొంతెత్తితే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు నాకు దొరికిన మంచి జవాబు మద్రాసులోనో బొంబాయిలోనో లేదు. రాయ్‌పూర్ పరిసరాల్లో ఉంది. విజయనగరంలో రైలెక్కి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ దాటి వెళితే వచ్చే ఊరు అది. 1931లో పూర్తయిన ఆ లైను మీద మనవాళ్లు ఎందరో అక్కడికి ఉద్యోగాలకు వెళ్లారు, స్థిరపడ్డారు. ఆ ఊరి రైల్వే కాలనీల్లో తెలుగు వినబడడం కొత్తేమీ కాదు. కానీ ఆ ఊరి పాట మనం అంతగా విన్నట్టు లేదు.

ముందు సినిమా సంగతి చెబుతాను. 2010 ఆగస్టులో విడుదలైన 'పీప్లీ లైవ్'. అనూషా రిజ్వీ రాసి, దర్శకత్వం వహించిన చిత్రం. సహ దర్శకుడు మహమూద్ ఫారూఖీ. అప్పు తీరక పొలం పోయే స్థితిలో ఉన్న అన్నదమ్ములు బుధియా, నాథా. రైతు ఆత్మహత్య చేసుకుంటే ప్రభుత్వం డబ్బు ఇస్తుందట అని ఎవరో అంటారు. ఎవరు చావాలి? అన్న బుధియా చాలా తెలివిగా, చాలా ప్రేమగా ఆ భారాన్ని తమ్ముడి నెత్తిన పెడతాడు. కబురు టీవీవాళ్ల చెవిన పడుతుంది. ఇక ఊరి నిండా వ్యాన్లు, మైకులు, కెమెరాలు. నాథా ఎప్పుడు చస్తాడా అని ప్రత్యక్ష ప్రసారం.

ఈ కథలో డ్యూయెట్టు లేదు, పెట్టే చోటూ లేదు. వ్యంగ్యం ఎండుగడ్డిలా గరగరలాడే సినిమా అది. అలాంటి దాంట్లో ఊళ్లోవాళ్లు కొందరు కింద కూర్చుని, హార్మోనియం, ఢోలక్, తాళాలు పెట్టుకుని ధరల మీద పాట అందుకుంటారు. ఇంటాయన బాగానే సంపాదిస్తున్నాడు, కానీ ధరలనే రాకాసి వచ్చి అంతా మింగేస్తోంది అని ఒక ఇల్లాలు మొరపెట్టుకునే పాట. ముందు పాడేది రఘువీర్ యాదవ్, అంటే సినిమాలో బుధియా. మిగతావాళ్లు వంత. ఆల్బం మీద గాయకుల పేర్లు చూడండి: రఘువీర్ యాదవ్, ఆ పక్కనే బడ్వాయి గ్రామ మండలి. మధ్యప్రదేశ్‌లో రాయ్‌సేన్ జిల్లాలోని బడ్వాయి, ఆ సినిమా తీసిన ఊరే.

ఇక్కడ నేను ఒక చిన్న పరీక్ష పెట్టుకుంటాను. పాట మొదలవగానే అడుగుతాను: ఆ హార్మోనియం ఎక్కడిది? తెర మీద కనబడుతోందా? పాత్రల్లో ఎవరైనా దాన్ని వాయిస్తున్నారా? అవును అయితే ఆ పాట ఆ మనుషులది. కాదంటే అది దర్శకుడిది, లేదా సంగీత దర్శకుడిది. అది తప్పని అనడం లేదు. మన గొప్ప పాటల్లో ఎక్కువ భాగం ఆ రెండో రకమే. కానీ పాటల సినిమా కాని చోట ఈ తేడా పెద్దదవుతుంది. ఆ సినిమాలో అందరూ నాథా తరఫున మాట్లాడతారు: ముఖ్యమంత్రి, కలెక్టరు, ఢిల్లీ నుంచి దిగిన ఇంగ్లీషు చానెలు అమ్మాయి. నాథా మాత్రం నోరు విప్పడు. ఊరివాళ్లు ఎవరి మధ్యవర్తిత్వం లేకుండా తమ మాట తాము చెప్పుకునేది ఆ పాటలోనే. అక్కడ మైకు పట్టుకుని ప్రశ్న అడిగేవాడు లేడు. అందుకే ఆ పాట సినిమాలోంచి బయటపడి నడిచింది. ఆ ఏడాది ధరల పెరుగుదల మీద జరిగిన నిరసనల్లో అది మోగింది.

సరే, అసలు ఆ హార్మోనియం ఎక్కడిది? ఛత్తీస్‌గఢ్‌లో ఈ ప్రశ్నకు ఒక మనిషి పేరు జవాబుగా వస్తుంది.

ఆ ప్రాంతంలో నాచా అనే పల్లె నాటకం ఉంది. మన వీధి భాగవతం, పగటివేషం రెండూ తెలిసినవాళ్లకు నాచా పరాయిగా అనిపించదు. రాత్రి భోజనాలయ్యాక మొదలై తెల్లవారే దాకా సాగుతుంది. ఇద్దరు ముగ్గురు జోక్కడ్‌లు, అంటే హాస్యగాళ్లు. ఆడవేషం కట్టిన మగవాడు 'పరీ'. మధ్యమధ్య పాట, ఆట, మళ్లీ హాస్యం, ఆ హాస్యంలో ఊరి పెద్దకు వాత. పూర్వం వాద్యగాళ్లు వాయిద్యాలు నడుముకు కట్టుకుని నిలబడే వాయించేవారు. దాన్ని 'ఖడే సాజ్' అనేవారు. తీగ వాద్యం చికారా. రాజ్‌నాంద్‌గావ్ దగ్గర రవేలీ అనే ఊరి భూస్వామి కొడుకు ఒకాయన ఈ పిచ్చిలో పడ్డాడు. దులార్ సింహ్ ఆయన పేరు, అందరూ దావూ మందరాజీ అనేవారు. 1928 ప్రాంతంలో మేళం కట్టాడు. వాద్యగాళ్లను కూర్చోబెట్టాడు. చికారా స్థానంలో హార్మోనియం తెచ్చాడు. ఉన్న ఆస్తి మేళానికే ధారపోసి, చివరికి పేదవాడిగా 1984లో పోయాడు. ఇప్పుడు ఆయన పేరు మీద ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం జానపద కళాకారులకు పురస్కారం ఇస్తోంది. ప్రభుత్వాలకు ఇలాంటి విషయాలు సాధారణంగా మనిషి పోయాకే గుర్తొస్తాయి.

రవేలీ, రింగ్నీ మేళాలలో ఆరితేరిన నటులు లాలూరామ్, మదన్ నిషాద్, ఠాకుర్‌రామ్, భుల్వారామ్. వీళ్లను ఢిల్లీ దాకా తీసుకువెళ్లినవాడు హబీబ్ తన్వీర్. 1923లో రాయ్‌పూర్‌లో పుట్టి, అక్కడి లారీ మునిసిపల్ స్కూల్లో చదువుకుని, లండన్‌లో నాటకశాస్త్రం నేర్చుకుని వచ్చిన మనిషి. 1958లో ఇంటికి వచ్చినప్పుడు రాత్రంతా కూర్చుని నాచా చూశాడు. తెల్లారేసరికి ఆయన దారి మారిపోయింది. ఆ ఏడే ఆరుగురు నాచా కళాకారులను ఢిల్లీ తీసుకుపోయి, శూద్రకుడి మృచ్ఛకటికాన్ని 'మిట్టీ కీ గాడీ'గా ఆడించాడు.

అయితే వెంటనే కుదరలేదు. ఈ నటులు పల్లెలో ఆడితే జనం దొర్లి నవ్వేవారు, ఢిల్లీ స్టేజి మీద మాత్రం బిగుసుకుపోయేవారు. ఎందుకో తెలుసుకోవడానికి తన్వీర్‌కు చాలా ఏళ్లే పట్టింది. ఆయనే తర్వాత చెప్పుకున్నాడు: వాళ్ల చేత వాళ్ల ఛత్తీస్‌గఢీ కాకుండా హిందీ మాట్లాడించాను, ఇక్కడ నిలబడు, అక్కడికి మూడడుగులు నడువు అని గీతలు గీశాను, రెండూ తప్పే అని. నాచా నటుడు ఏ వైపు జనం నవ్వితే ఆ వైపు తిరుగుతాడు. వాడికి కుడి ఎడమలు చెప్పేది ప్రేక్షకుడు. 1973లో రాయ్‌పూర్‌లో నాచా కళాకారులతో కలిసి శిబిరం పెట్టి, గీతలన్నీ చెరిపేశాక అసలు తన్వీర్ నాటకం పుట్టింది. 1975లో 'చరణ్‌దాస్ చోర్'. అబద్ధమాడనని గురువుకు మాట ఇచ్చి, ఆ మాట కోసం ప్రాణం వదిలే దొంగ కథ. 1982లో ఎడిన్‌బరో నాటకోత్సవంలో ఆ నాటకానికి ఫ్రింజ్ ఫస్ట్ బహుమతి వచ్చింది. ఆ నాటకంలో పాట కథను ఆపదు. కథ మీద వ్యాఖ్యానిస్తుంది, పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి మాట కలిపినట్టు.

'పీప్లీ లైవ్' ఈ ఇంట్లోంచే వచ్చింది. నాథాగా వేసిన ఓంకార్ దాస్ మాణిక్‌పురి భిలాయ్ మనిషి, తన్వీర్ 'నయా థియేటర్' నటుడు. చెయ్యెత్తు మనిషి కాదు, ముఖంలో హీరోతనం లేదు, కళ్లు మాత్రం తెర మొత్తం నింపుతాయి. ఆ సినిమాలోనే ఇంకో పాట ఉంది, ఛత్తీస్‌గఢీలో. ఈ దేహం మట్టిదే రామా అనే తత్వం. రాసింది గంగారామ్ సాఖేత్, పాడింది నగీన్ తన్వీర్, హబీబ్ గారి కూతురు. మన ఏలల్లోనూ వేమన పద్యాల్లోనూ వందసార్లు విన్న భావమే. కానీ ఆ గొంతులో విని చూడండి. మహమూద్ ఫారూఖీ తర్వాత తన్వీర్ ఆత్మకథను ఉర్దూ నుంచి ఇంగ్లీషులోకి అనువదించాడు. తన్వీర్ మాత్రం 2009 జూన్‌లోనే పోయారు, ఈ సినిమా చూడలేదు.

రాయ్‌పూర్ పాట సినిమాలోకి వెళ్లిన ఇంకో దారి ఉంది, అది కొంచెం వంకరగా ఉంటుంది. అందులో మన ఆకాశవాణికీ భాగం ఉంది, కాబట్టి చెప్పక తప్పదు. 1970లలో ఆకాశవాణి రాయ్‌పూర్ కేంద్రం ద్వారా, ఆపైన క్యాసెట్ల ద్వారా, ఆ ఊరి జోషీ అక్కచెల్లెళ్లు పాడిన ఒక పల్లెపాట ఛత్తీస్‌గఢ్ ఇంటింటికీ చేరింది. బంతిపూవును తలుస్తూ అత్తగారి తిట్లు చెప్పుకునే పాట. 2009 ఫిబ్రవరిలో రాకేశ్ ఓంప్రకాశ్ మెహ్రా 'ఢిల్లీ-6' వచ్చింది. అందులో ఎ.ఆర్. రహమాన్ సంగీతంలో అదే పాట, ఇంటి ఆడవాళ్లు కలిసి పాడుకుని ఆడుకునే పాటగా మారింది. దేశమంతా ఊగిపోయింది. ఈ పాట గురించి బొంబాయివాళ్లకు చెప్పినవాడు మళ్లీ ఆ రఘువీర్ యాదవే అంటారు. పాట మోగినంత గట్టిగా దాన్ని మోసుకొచ్చిన వాళ్ల పేర్లు మోగలేదు. ఆ పేర్లు ఎక్కడని ఛత్తీస్‌గఢ్‌లో చాలామంది అడిగారు, అడగడం న్యాయమే. ఇక నా పరీక్ష ఇక్కడ పెడితే పాట సగం నెగ్గుతుంది. ఆడవాళ్లు కనబడతారు, డప్పుల హోరు మాత్రం ఆకాశంలోంచి దిగుతుంది.

'ఢిల్లీ-6'లో బామ్మగా వేసింది వహీదా రెహమాన్. ఆవిడ సినిమా జీవితం ఎక్కడ మొదలైందో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? 1955లో తాపీ చాణక్య తీసిన 'రోజులు మారాయి'. రైతుల కష్టాల కథ. అందులో ఆవిడకు పాత్రంటూ లేదు. కొసరాజు రాసి, మాస్టర్ వేణు బాణీ కట్టిన ఏరువాక పాటకు ఆడి వెళ్లిపోతుంది, అంతే. కథలో ఆ అమ్మాయి ఎవరు, ఎందుకొచ్చింది అని ఒక్క ప్రేక్షకుడు అడగలేదు. పైగా ఆ పాట కోసమే మళ్లీ మళ్లీ వెళ్లారు. ఆ బాణీ నచ్చి ఎస్.డి. బర్మన్ 1960లో 'బంబై కా బాబూ'లో హిందీ పాటకు వాడుకున్నారు. పల్లె బాణీలు ఎల్లలు దాటడం అన్ని వైపులా జరిగేదే. ఎవరి పొలంలో విత్తనం ఎవరి పొలంలో మొలిచిందో లెక్క తీయడం కష్టం, అయినా లెక్క తీయడం మానకూడదు.

పీప్లీ పాటకు మన దగ్గర అన్నలాంటిది ఒకటుంది. 1980లో విడుదలైన 'మా భూమి'. కిషన్ చందర్ నవల ఆధారంగా, బి. నర్సింగరావు నిర్మాతగా గౌతమ్ ఘోష్ తీసిన తెలంగాణ సాయుధ పోరాట కథ. నటీనటుల్లో చాలామంది కొత్తవాళ్లు, మాట తెలంగాణ మాట, కెమెరా పనితీరు వార్తాచిత్రంలా ఉంటుంది. అలాంటి సినిమాలో భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలతో ఒక మనిషి వచ్చి, నిజాం సర్కారును నిలదీస్తూ బండి యాదగిరి రాసిన పాట ఎత్తుకుంటాడు. ఆయన గద్దర్. అప్పటికి తెలంగాణ పల్లెల్లో తెలిసిన గొంతు, తెర మీద మాత్రం కొత్త ముఖం. ఈ రోజుకీ 'మా భూమి' అనగానే జనానికి ముందు గుర్తొచ్చేది ఆ పాటే. కథానాయకుడి పేరు అడిగితే కాసేపు తలగోక్కుంటారు. హార్మోనియం పరీక్ష పెట్టండి. అక్కడ వాద్యం ఆయన గజ్జె, ఆయన కర్ర. పూర్తి మార్కులు.

అన్నట్టు ఛత్తీస్‌గఢ్‌నూ మన నేలనూ కలిపిన తెలుగు నేల బిడ్డ ఒకాయన ఉండేవారు. శ్యామ్ బెనెగల్, హైదరాబాద్ తిరుమలగిరిలో పెరిగినవారు. 1974లో 'అంకుర్' తీసింది మన పల్లెలోనే. ఆ మరుసటి ఏడే 'చరణ్‌దాస్ చోర్'ను పిల్లల సినిమాగా తీశారు. నాచా నటులతో పాటు స్మితా పాటిల్ వేసింది అందులో. 1988లో దూరదర్శన్ కోసం నెహ్రూ పుస్తకాన్ని 'భారత్ ఏక్ ఖోజ్'గా తీసినప్పుడు ఆయన చేసిన పని చూడండి. అది చరిత్ర పాఠం, యాభై పైచిలుకు భాగాలు. మహాభారతం దగ్గరికి వచ్చేసరికి కిరీటాలు, గదలు పెట్టి ఊరుకోలేదు. ఛత్తీస్‌గఢ్ పాండవానీ గాయని తీజన్‌బాయిని తెచ్చి తంబూరాతో నిలబెట్టారు. ఆవిడ చేతిలో ఆ తంబూరా ఒకసారి భీముడి గద అవుతుంది, ఒకసారి దుశ్శాసనుడి చెయ్యి అవుతుంది. మన బుర్రకథ తెలిసినవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. చరిత్ర పాఠం మధ్యలో కథాగానం ఏమిటని ఆనాడు ఎవరైనా అనుకుని ఉంటే, ఆవిడ గొంతు విన్నాక మరచిపోయి ఉంటారు.

బయటి దేశాలవాళ్లకు కూడా ఈ కిటుకు తెలుసు. 1942 నాటి 'కాసాబ్లాంకా'లో ఒక కాఫీ హోటల్లో జర్మన్ అధికారులు తమ పాట పాడుతుంటే, ఒకాయన వాద్యబృందం దగ్గరికి వెళ్లి ఫ్రాన్సు జాతీయగీతం అందుకోమంటాడు. హోటల్లోని వాళ్లంతా లేచి గొంతు కలుపుతారు, జర్మన్ల పాట మునిగిపోతుంది. ఆ సీనులో కనబడేవాళ్లలో చాలామంది నిజంగానే హిట్లర్ నుంచి పారిపోయి వచ్చినవాళ్లు. వాళ్ల కళ్లలో నీళ్లకు గ్లిజరిన్ అక్కర్లేకపోయింది. 1957లో స్టాన్లీ కూబ్రిక్ 'పాత్స్ ఆఫ్ గ్లోరీ' చివర్లో ఫ్రెంచి సైనికులు ఒక జర్మన్ బందీ పిల్లను ఎగతాళి చేస్తూ పాడమంటారు. ఆ పిల్ల బెదురుతూ పాడితే, కాసేపటికి ఆ మొరటు గొంతులే మాటలు తెలియని ఆ పాటకు కూనిరాగం కలుపుతాయి. 'జాస్'లో సొరచేప వేటకు వెళ్లిన ముగ్గురు, రాత్రి పడవలో తాగి, ఇంటికి దారి చూపమనే పాట బల్ల గుద్దుతూ పాడతారు. ఆ ముగ్గురికీ అంతదాకా పొసగదు. మాటలతో కుదరని స్నేహం పాటతో కుదిరింది అనుకునేలోపు చేప వచ్చి పడవను గుద్దుతుంది. మూడింట్లోనూ గమనించండి, ఒక్కరు మొదలుపెడితే మిగతావాళ్లు అందుకుంటారు. వంత పలకడానికి పక్కన మనుషులుండాలి.

ఈ మాట దగ్గరికి వచ్చాక నాకు 'సద్గతి' గుర్తొస్తుంది. ప్రేమ్‌చంద్ కథ. సత్యజిత్ రాయ్ దూరదర్శన్ కోసం తీశారు, 1982లో ప్రసారమైంది. ముప్పావు గంట దాటి కొద్దిసేపు ఉంటుంది. తీసింది రాయ్‌పూర్ చుట్టుపక్కల పల్లెల్లోనే. కూతురి నిశ్చితార్థానికి ముహూర్తం అడగడానికి బ్రాహ్మణుడి ఇంటికి వెళతాడు దుఖీ, చర్మకారుడు. ఓంపురి వేశాడు. జ్వరం నుంచి లేచిన ఒంటితో, తిండి లేకుండా, ఆ ఇంట్లో వెట్టిచాకిరీ చేస్తాడు. గొడ్డలి దిగని మొద్దును కొట్టి కొట్టి చచ్చిపోతాడు. దుఖీ మొద్దు కొడుతుండగా పలకరించే ఒక గోండు మనిషి ఉన్నాడు కథలో. తిండి పెట్టారా అని అడిగేది వాడొక్కడే. శవాన్ని ఎవరూ ముట్టవద్దని వాడలో చెప్పి వచ్చేదీ వాడే.

ఆ గోండుగా వేసినవాడు భయ్యాలాల్ హెడావూ. ఛత్తీస్‌గఢ్‌లో ఆ పేరు చెబితే ముందు నటుడిగా గుర్తుపట్టరు, గాయకుడిగా గుర్తుపడతారు. 1971లో దావూ రామచంద్ర దేశ్‌ముఖ్ మొదలుపెట్టిన 'చందైనీ గోందా' అనే పెద్ద పాటల ప్రదర్శనలో పాడినవాడు. రాయ్‌కు ఆయన గొంతు సంగతి తెలియకుండా ఉంటుందా? 'గూపీ గాయెన్' అనే పాటల సినిమా తీసిన మనిషి, తన సినిమాలకు తానే సంగీతం కట్టుకునే మనిషి. అయినా ఆ గాయకుడి చేత ఒక్క రాగం తీయించలేదు.

కొందరు మిత్రులు దీన్ని నష్టం అంటారు. ఆ మొద్దు దగ్గర గోండు ఒక్క పల్లె పదం పాడి ఉంటే సినిమా ఇంకా ఎత్తుకు వెళ్లేదని వాదిస్తారు. నేను ఒప్పుకోను. బడ్వాయిలో ధరల మీద పాడినవాళ్లు పదిమంది, పక్కపక్కన కూర్చున్నారు, ఒకరి గొంతు ఆగితే మరొకరిది నడిపించింది. దుఖీ ఆ వాకిట్లో ఒంటరివాడు. గోండు వచ్చాడు, ఒక మాట అన్నాడు, తన దారిన పోయాడు. వంత పలికేవాడు లేని చోట పాట పెట్టి ఉంటే ఆ పాటకు రాయ్ స్వయంగా పైనుంచి వంత పలకాల్సి వచ్చేది, వయొలిన్లతో. ఆయన ఆ పని చేయలేదు. గొడ్డలి దెబ్బలు మాత్రం వినిపించారు.